బేడకు చదివించుకున్న భాష

అనగనగా కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో ఒక షెడ్డు. అణాలు, బేడలు చెల్లే రోజులు. ఆ షెడ్డులో నాలుగు ముఠాలు పనిచేసేవి. సిక్కోలు నుంచి వచ్చిన మనవాళ్లది ఒకటి, గంజాం ఒడియావాళ్లది ఒకటి, బలియా, ఛప్రాల నుంచి వచ్చిన భోజ్‌పురివాళ్లది ఒకటి, నవాఖాలీ వైపు బెంగాలీ ఖలాసీలది ఒకటి. మనవాళ్ల పెద్దను మేస్త్రి అనేవారు, భోజ్‌పురివాళ్ల పెద్దను సర్దార్ అనేవారు. ఏమని పిలిచినా మోసే మూట బరువు మారదు కదా.

ఓడ దగ్గర పనికి భాష అడ్డొచ్చేది కాదు. ఓడ అంచున ఒకడు నిలబడి చెయ్యి పైకి తిప్పి ‘హాబేస్’ అని అరిస్తే వించి మీదవాడు మూటల కట్టను పైకెత్తేవాడు. ‘ఆరియా’ అంటే దించేవాడు. ఈ రెండు మాటలూ ఆ నాలుగు ముఠాల్లో ఎవరి అమ్మా నేర్పినవి కావు. పనిలో చేరిన మొదటి పూటే అందరికీ వచ్చేసేవి, రాకపోతే మూట నెత్తిన పడుతుంది.

తగువంతా కూలి పంచే కిటికీ దగ్గర. కిటికీ లోపల గుమాస్తా ఒక్కడు, ఒక్క చిట్టా పుస్తకం. మనవాళ్లలో ముగ్గురు అప్పన్నలుండేవారు. గుమాస్తా చెవికి ముగ్గురూ ఒక్కరే, కాబట్టి ముగ్గురికీ కలిపి ఒక కూలి. ఒడియావాళ్ల ఇంటిపేరు ఊరిపేరయ్యేది, ఖలాసీ తండ్రి పేరు ఖలాసీ పేరయ్యేది. ప్రతి శనివారమూ రభసే.

కంట్రాక్టరు విసిగిపోయి నలుగురు పెద్దల్నీ పిలిచాడు. ‘ఇన్ని భాషల సంత నేను నడపలేను. ఇకమీదట ఈ షెడ్డులో రాతకోతలన్నీ ఒకే భాషలో. ఏది కావాలో మీరే తేల్చండి’ అన్నాడు.

సర్దార్ మా వాళ్లే ఎక్కువ మంది అన్నాడు. ఖలాసీ ఈ నీళ్లూ ఈ నేలా మావి అన్నాడు. ఒడియా పెద్ద మా రాత చాలా పాతది, రాళ్ల మీద ఉంది అన్నాడు. మన మేస్త్రికి ఏం చెప్పాలో తోచక, ‘మాది పాటకి బాగుంటాది బాబూ’ అన్నాడు. కూర్చుని ఆలోచిస్తే ఈ నాలుగు వాదాలకు మించి అయిదోది ఏ చట్టసభలోనూ ఇంతవరకు పుట్టినట్టు లేదు.

పొద్దుగూకినా తేలలేదు. చివరికి కంట్రాక్టరు లెక్క తేలిగ్గా తేల్చేశాడు: గుమాస్తాకు ఏది రాయడం వచ్చో అదే షెడ్డు భాష. అది నాలుగింటిలో ఒక ముఠా భాషే. ఏదో చెప్పను. చెబితే కథ పక్కన పెట్టి పేరు మీద పడతాం. మనవాళ్లది కాదన్నంతవరకు చెప్తాను. గెలిచిన ముఠా ఆ రాత్రి జిలేబీలు పంచింది.

మర్నాడు షెడ్డు గోడకు బోర్డు ఎక్కింది. వించి దగ్గర మాత్రం ఎప్పటిలాగే హాబేస్, ఆరియా. కంట్రాక్టరు అది చూసి, చూశారా, ఒకే భాష పెడితే పని ఎంత చక్కగా సాగుతోందో అని మురిసిపోయాడు.

నెల తిరక్కుండా వంతెన పక్క రావిచెట్టు కింద ఒకతను చాప పరిచాడు. కిటికీలోంచి వచ్చే ఏ కాగితమైనా చదివి అర్థం చెబుతాడు, కాగితానికి ఒక బేడ, అంటే రెండు అణాలు. కూలిచీటీ, జరిమానా చీటీ, సెలవు చీటీ, నోటీసు, ఏదైనా బేడే. షెడ్డులో రెండు వందల మంది. వారానికి మనిషికో కాగితం వేసుకున్నా నాలుగు వందల అణాలు, అంటే ఇరవై అయిదు రూపాయలు. గుమాస్తా నెలంతా రాసినా అంత రాదు. చెట్టు కింద అతను గుమాస్తాకు బావమరిది అవుతాడని కొందరు అనుకున్నారు. అది నిజమో కాదో గాని, ఆ నెల నుంచి కిటికీలోంచి వచ్చే కాగితాలు మాత్రం పెరిగాయి.

ఆ రోజుల్లోనే మన ముఠాలో ఒకడి కాలి మీద పేటీ పడింది. ఎముక విరిగింది. కిటికీలోంచి ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. నొప్పితో ఉన్నవాడు చెట్టు దాకా ఎక్కడ వెళ్తాడు, బేడ ఎక్కడ తెస్తాడు? వేసేశాడు. శనివారం కూలి లేదు. ఊరికి వెళ్తున్నాను, పని మానుకుంటున్నాను అని తనే ఒప్పుకున్నట్టు ఆ కాగితంలో ఉంది. మేస్త్రి కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు: ‘కాలిరిగినోడు ఏటెల్తాడు బాబూ? ఎలా ఎల్తాడు?’ గుమాస్తా, షెడ్డు భాషలో మాట్లాడు అన్నాడు.

ఇక్కడిదాకా ఓడినవాళ్ల గోడు. ఒక సాయంత్రం చెట్టు కింద వరసలో గెలిచిన ముఠా కుర్రాడు ఒకడు బేడ పట్టుకుని నిలబడ్డాడు. చాప మీది అతనే ఆశ్చర్యపోయాడు. ‘ఇది మీ భాషే కదరా!’ అన్నాడు. కుర్రాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ‘మా భాషే అంటున్నారు. మా ఊళ్లో ఇలా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు’ అన్నాడు. ఆ కాగితంలోని మాటలు పుస్తకాల్లోంచి దిగి వచ్చినవి. గుమాస్తా వాటిని ఎంత బరువుగా రాస్తే అంత గొప్ప అనుకునేవాడు. వారం తిరిగేసరికి ఆ ముఠా ముఠా అంతా వరసలో ఉంది.

అలా నాలుగు ముఠాలూ మొదటిసారి ఒకేచోట చేరాయి. అక్కడ ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవరికి ఎలా చెప్పారో తెలియదు. ఒక సోమవారం ఉదయం ఓడ అంచున నిలబడ్డవాడు ‘ఆరియా’ అన్నాడు. మూటల కట్ట దిగింది. ఆ తర్వాత హాబేస్ అనలేదు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది, అనలేదు. రెండో రోజు ఓడవాడు ఓడ ఆగిపోయినందుకు డెమరేజి లెక్క పంపాడు. కంట్రాక్టరుకు విషయం అర్థం కావడానికి దుబాసీ అవసరం లేకపోయింది.

కొత్త కట్టుబాటు ఇలా కుదిరింది. చిట్టా పుస్తకం ఒకటే భాషలో ఉంటే ఉండనీ, ఆ పుస్తకం గుమాస్తాది. ఏ కాగితం మీద కూలివాడి వేలిముద్ర పడాలో, ఆ కాగితాన్ని వాడి భాషలో, వాడి ఇంట్లో మాట్లాడే మాటల్లో చదివి వినిపించాలి. చదివించే పూచీ, ఖర్చు కిటికీ లోపలివాళ్లవి. కంట్రాక్టరు కాసేపు గొణిగి, డెమరేజి లెక్కను నలుగురు చదివేవాళ్ల జీతాలతో పోల్చి చూసుకుని, ఇదే చవకని ఒప్పుకున్నాడు. చాప లేచిపోయింది.

కొన్నాళ్లకు దుమ్కా వైపు నుంచి సంతాల్ మనుషులు ఆరుగురు పనిలో చేరారు. వాళ్ల కాగితం ఎవరు చదవాలి? కంట్రాక్టరు తల పట్టుకునే లోపే మన మేస్త్రి అందుకున్నాడు: ‘ఆరుగురికి ఓ మనిసేటి బాబూ? ఇక్కడ నాలుగు బాసలున్నాయి కదా, ఏదో ఒకటి నేర్సుకోరా?’ మిగిలిన ముగ్గురు పెద్దలూ తలలూపారు.

నీతి

ఈ షెడ్డు కల్పితం, ఖిదిర్‌పూర్ మాత్రం కల్పితం కాదు. 1892లో నీళ్లు నిండిన ఆ డాకు చుట్టూ వాట్‌గంజ్, ఎక్బాల్‌పూర్, మోమిన్‌పూర్, కాస్త అవతల 1856లో లక్నో నుంచి వచ్చిన వాజిద్ అలీ షా కాపురం పెట్టిన మెటియాబురుజు. బెంగాలీ, ఉర్దూ, భోజ్‌పురి, హిందీ, ఒడియా, తెలుగు ఒకే వీధిలో బేరాలాడుకునే చోటు. హాబేస్, ఆరియాలూ నిజమే. ఓడల మీద పనిచేసే లస్కర్ల నోట పోర్చుగీసు, ఇంగ్లీషు, హిందుస్తానీ, మలయ్ మాటలు కలిసి ఒక పనిభాష తయారైంది. థామస్ రోబక్ అనే సైనికాధికారి దాన్ని నిఘంటువుగా కూర్చి 1811లో కలకత్తాలోనే అచ్చువేశాడు. ఎవరూ చట్టం చేయకుండానే పుట్టి, అందరికీ పనికొచ్చిన ఉమ్మడి భాష అది. ఉమ్మడి భాష వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. కొన్ని కోట్లమంది ఉన్న దేశానికి రైలు సిగ్నళ్లూ, సైన్యమూ, ఒక రాష్ట్రం మరో రాష్ట్రానికి రాసుకునే ఉత్తరాలూ ఏదో ఒక మాటలో నడవాలి. చిక్కు ఎక్కడంటే, వించి దగ్గర పనికొచ్చింది కాబట్టి కిటికీ దగ్గరా పనికొస్తుందనుకోవడంలో.

రాజ్యాంగ సభ 1949 సెప్టెంబర్ 14న దేవనాగరి లిపిలో హిందీని కేంద్రానికి అధికార భాషగా ఒప్పుకుంది, ఇంగ్లీషుకు పదిహేనేళ్ల గడువిచ్చింది. ఆ చర్చలో మన దుర్గాబాయి మాటలు ఇప్పటికీ చదవదగ్గవి. చిన్నప్పుడే ఆడపిల్లలకు హిందీ బడి నడిపిన మనిషి ఆమె. ఆమెకు హిందీ మీద పగ ఎందుకుంటుంది? సంస్కృతం మూటలు ఎత్తిన భాష కాకుండా, హిందూ ముస్లింలు వీధిలో మాట్లాడే హిందుస్తానీ కావాలని ఆమె కోరింది. హిందీ కోసం జరుగుతున్న హడావుడి, దక్షిణాదిలో ఇష్టపడి ఆ భాష నేర్చుకున్నవాళ్ల మనసు కూడా విరిచేస్తోందని సభలోనే చెప్పింది. ఆమె కోరింది నెగ్గలేదు. గడువు 1965 జనవరి 26న తీరేసరికి మద్రాసు రాష్ట్రం అట్టుడికింది. 1963 నాటి అధికార భాషల చట్టాన్ని 1967లో సవరించి, ఇంగ్లీషు కొనసాగింపుకు గట్టి హామీ ఇవ్వాల్సి వచ్చింది.

కలకత్తా వైపు నుంచీ ఒక మాట పడింది. ఖేర్ అధ్యక్షతన 1955లో వేసిన అధికార భాషా కమిషన్‌లో సునీతికుమార్ చటర్జీ సభ్యుడు. బెంగాలీ భాష పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసిన పండితుడు, ఒకప్పుడు వాడుక హిందుస్తానీని దేశమంతటికీ పనికొచ్చే భాషగా సమర్థించినవాడు. కమిషన్ నివేదికకు ఆయన అసమ్మతి రాశాడు. మద్రాసు నుంచి సుబ్బరాయన్ కూడా రాశాడు. హిందీ తల్లిభాష అయినవాళ్లకు పుట్టుకతో ఒక మెట్టు దొరుకుతుంది, మిగిలినవాళ్లు రెండో తరగతి పౌరులైపోతారన్నది చటర్జీ భయం. ఆ భయం న్యాయమైనదే. అయితే చటర్జీ చూసిన మెట్టు ఎక్కినవాళ్లందరికీ దక్కిందా అన్నది వేరే సంగతి. బలియా రైతు ఇంట్లో మాట్లాడేది భోజ్‌పురి. బ్యాంకు ఫారంలో ఉండే హిందీ ఆయనకూ గుమాస్తా హిందీయే. జనాభా లెక్కల్లో ఆయన్ని హిందీ కింద కలిపేసి, ఆ అంకె చూపించి గెలిచాం అన్నారు. గెలిచిన ముఠా కుర్రాడు చెట్టు కింద నిలబడ్డాడన్నది నేను అందుకే రాశాను.

మనకు ఇది కొత్త పాఠం కాకూడదు. ఈ తగువును మన భాషలోపలే పట్టుకుని కడదాకా లాగినవాడు మన సిక్కోలువాడే, గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే తెలుగును బడిలోకి, రాతలోకి రానివ్వండని జీవితమంతా పోరాడాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం, దండలు వేస్తున్నాం. ఇంటికొచ్చిన భూమి కాగితమో, కరెంటు ఆఫీసు తాఖీదో తెరిస్తే ‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా’ అన్న చోటే పల్లెటూరి మనిషి ఆగిపోతాడు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం పెట్టారు. కాగితం తెలుగులో వచ్చిందా అని చూశారే గాని, వచ్చిన తెలుగు ఎవరికి అర్థమైందని అడిగినవాళ్లు తక్కువ.

గిడుగును మనం సగమే గుర్తుంచుకున్నాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. నేర్పడానికి పుస్తకాలు లేకపోతే తనే రాశాడు, సవర పిల్లలకు బడులు పెట్టాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది, నిఘంటువూ తర్వాత వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, తెలుగువాళ్లకు అన్యాయం జరిగిందని ఊరే వదిలి రాజమండ్రి వచ్చేసినవాడూ ఆయనే. తనకు జరిగితే అన్యాయం, సవరకు జరిగితే సర్దుబాటు అని ఆయన అనుకోలేదు. కథలో మన మేస్త్రి అనుకున్నాడు. సీతంపేట కొండల్లో సవర తల్లి రేషను కార్డు తప్పు సరిచేయించుకోవడానికి ఏ భాషలో మాట్లాడుతోందో చూస్తే, ఖరగ్‌పూర్‌లో తెలుగుకు హోదా కావాలని మనం ఎంత గొంతెత్తాలో కాస్త తెలుస్తుంది.

ఖరగ్‌పూర్‌లో ఆ హోదా వచ్చింది కూడా. పశ్చిమ బెంగాల్ 1961లో అధికార భాషా చట్టం చేసినప్పుడు బెంగాలీ, దార్జిలింగ్ కొండల్లో నేపాలీ మాత్రమే ఉన్నాయి. 2012లో ఉర్దూ, హిందీ, ఒడియా, సంతాలీ, పంజాబీలను చేర్చారు. ఒక ప్రాంతంలో ఆ భాష మాట్లాడేవాళ్లు పది శాతం దాటితే అక్కడ ఆఫీసు పనికి వాడాలన్నది మొత్తం మీద పద్ధతి. రైల్వే వర్క్‌షాపు చుట్టూ తరతరాలుగా పాతుకుపోయిన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు అడగ్గా అడగ్గా, 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకూ సరే అంది. ఎన్నికల ముందు వచ్చిన నిర్ణయమని కొందరు పెదవి విరిచారు. హక్కు ఎప్పుడొచ్చినా తీసుకోవలసిందే. కాని పది శాతం గీత ఖిదిర్‌పూర్ తెలుగువాడికి ఏం చేసింది? కోల్‌కతా మహానగరంలో తెలుగువాళ్లు ఆ గీత దరిదాపుల్లో కూడా లేరు. ఖరగ్‌పూర్‌లో మనం నాలుగో ముఠా, ఖిదిర్‌పూర్‌లో మనమే ఆ ఆరుగురం.

గీతలు గీయకుండా ప్రభుత్వాలు నడవవని నాకూ తెలుసు. ఒకే భాష అని గట్టిగా గోడకు బోర్డు కొట్టిన దేశాల సంగతీ పక్కనే ఉంది. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో ఉర్దూ ఒక్కటే అన్న మాటను ఎదిరించిన విద్యార్థులు కాల్పుల్లో చచ్చిపోయారు, పాకిస్తానే 1971లో రెండయింది. 1956లో సింహళం ఒక్కటే అన్న శ్రీలంక ఎన్ని దశాబ్దాలు నెత్తురోడిందో చెప్పనక్కర్లేదు. దేశం దాటి వెళ్లకుండానే, 1961 మే 19న అస్సాంలోని సిల్చార్ రైల్వే స్టేషన్ దగ్గర బెంగాలీ కోసం పదకొండు మంది ప్రాణాలు పోయాయి. ఇండోనేషియా ఒక్కటి తెలివిగా మసలింది. జావా భాషవాళ్లే ఎక్కువమంది ఉన్నా, రేవుల్లో బేరసారాలకు వాడుకగా ఉన్న మలయ్‌ను ఉమ్మడి భాషగా ఎంచుకుంది. వాళ్లకది హాబేస్, ఆరియాల దారి. మన దగ్గర అంత ఖాళీ చోటు ఏ భాషకూ లేదు, ఇంగ్లీషుకు ఉందంటే దానికీ బేడ కట్టేవాళ్లు కోట్లలో ఉన్నారు.

అందుకని ఏ భాష అన్న ప్రశ్న మీద నాకు ఆసక్తి తగ్గిపోయింది. అర్థం చేసుకునే బరువు ఎవరి మీద వేస్తున్నారన్నదే నేను చూస్తున్నాను. కుర్చీలో కూర్చున్నవాడికి జీతం ఉంది, నేర్చుకునే తీరిక ఉంది, పక్కన మనిషిని పెట్టుకునే బడ్జెట్ ఉంది. కిటికీ బయట నిలబడ్డవాడికి ఆ పూట కూలి పోతోంది. వాడినే నేర్చుకు రమ్మని పంపితే అధికార భాష పేరేదైనా పని ఒకటే చేస్తుంది, చెట్టు కింద చాప పరుస్తుంది. ఇప్పుడు ఆ చాప పేరు మీసేవ పక్కన జెరాక్స్ షాపు, ఖిదిర్‌పూర్‌లో అయితే ఫారాలు నింపిపెట్టే సైబర్ కేఫ్.

మన రాజ్యాంగంలో ఈ బరువు మాట ఎత్తిన చోటు ఒకటుంది, 350వ అధికరణం. కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందంటుంది. అందులో పది శాతం లేదు. ఆరుగురైనా, ఒక్కడైనా సరే. ఖిదిర్‌పూర్‌లో తెలుగు కూలి ఒకడు తెలుగులో కాగితం రాసి ఇస్తే పుచ్చుకోవలసిందే. సీతంపేటలో సవర మనిషికీ అదే. జవాబు ఏ భాషలో ఇవ్వాలో మాత్రం ఆ అధికరణంలో రాయలేదు. ఇలాంటి రక్షణలు అమలవుతున్నాయో లేదో చూడ్డానికి 1956లో 350బి చేర్చి, మరుసటి ఏడాది భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌ను పెట్టారు. ఆ కమిషనర్ నివేదికలు రాష్ట్రపతికి వెళ్తాయి, పార్లమెంటు ముందుకొస్తాయి. వాటిలో ఉండేవి సిఫార్సులే. కాదన్న ఆఫీసు చేత అమలు చేయించే అధికారం ఆయనకు లేదు.